లింకు ఎక్కడ తెరుచుకోవాలో సంస్థ దగ్గర రాతలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పేజీల్లో సైబర్ మోసం వార్త లేని వారం ఈమధ్య కనిపించడం లేదు. ప్రతి వార్తకూ చివర పోలీసు అధికారుల సలహా ఉంటుంది: తెలియని లింకులు నొక్కవద్దు, డబ్బు పోయినట్టు గమనించిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇది మంచి సలహాయే. ఇంట్లో ఫోన్ చూసుకునే మనిషికి ఇంతకు మించిన జాగ్రత్త చెప్పలేము. అయితే లింకులు నొక్కడమే ఉద్యోగమైన వారి సంగతి వేరు. ఎగుమతి సంస్థలో పత్రాలు చూసే ఉద్యోగి, ఆడిటరు దగ్గర పనిచేసే అకౌంటెంటు, ఆసుపత్రిలో బీమా క్లెయిములు పంపే అమ్మాయి పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా ఎవరెవరో పంపిన మెయిళ్లలోని లింకులు నొక్కుతూనే ఉండాలి. అలా నొక్కిన లింకు ఏ కంప్యూటరులో తెరుచుకుంటుందన్నది వారి చేతిలో ఉండదు. దాన్ని ముందే నిర్ణయించి పెట్టవలసింది సంస్థ. మన రెండు జిల్లాల్లో చాలా సంస్థలు ఆ నిర్ణయాన్ని కాంట్రాక్టు మీద వచ్చి పోయే వారికి వదిలేస్తున్నాయి. అది కమాండ్ల రూపంలో, అంటే కంప్యూటరుకు అక్షరాల్లో ఇచ్చే ఆజ్ఞలుగా రాసి, సంస్థ దగ్గరే భద్రంగా ఉండాలని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఒక రొయ్యల ఎగుమతి సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేస్తున్నాను. మా ప్రధాన కార్యాలయం నగరంలోనే ఉంది. ప్రాసెసింగ్ ప్లాంటు, హేచరీలు, రొయ్యలు కొనే కేంద్రాలు తీరం పొడవునా ఉన్నాయి. అక్కడి బల్లల మీద ఉండేవి మామూలు చిన్న కంప్యూటర్లు. మెయిలు, లెక్కల సాఫ్ట్‌వేరు, ఫైళ్లు అన్నీ సర్వరులో నడిచే డెస్క్‌టాప్‌లో ఉంటాయి. బల్ల మీది తెరలో ఆ డెస్క్‌టాప్ కనిపిస్తుంది, మనం కొట్టిన అక్షరాలు, కదిపిన మౌసు అక్కడికి చేరుతాయి. రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఇదే. తుఫాను రోజుల్లో కొనుగోలు కేంద్రంలో కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోయినా, ఆ ఉద్యోగి మరో చోట నుంచి లాగిన్ అయితే సగంలో వదిలిన ఇన్‌వాయిస్ వదిలిన చోటే కనిపిస్తుంది. ఈ సౌకర్యం తెలిసిన తర్వాత దాన్ని వదులుకునే యజమాని ఉండడు. ఒంగోలులో ఆడిటర్ల దగ్గర, చీమకుర్తి గ్రానైటు వ్యాపారుల దగ్గర కూడా ట్యాలీని ఎక్కడో సర్వరులో పెట్టుకుని ఇలాగే వాడుకోవడం నేను చూశాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉద్యోగి ముందు తెర ఒక్కటే అయినా నిజానికి అక్కడ రెండు కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. మెయిలులో లింకు నొక్కితే అది సర్వరులోని బ్రౌజరులో తెరుచుకోవాలా, బల్ల మీది కంప్యూటరు బ్రౌజరులో తెరుచుకోవాలా? ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎక్కడ నొక్కారో అక్కడే తెరుచుకుంటుంది. కొన్ని పనులకు అది పనికిరాదు, కొన్నింటికి ప్రమాదం. అందుకే ఈ లింకు ఇటు, ఆ లింకు అటు అని దారి మళ్లించే ఏర్పాటు రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. హొరైజన్ అనే సాఫ్ట్‌వేరులో దీన్ని యూఆర్‌ఎల్ కంటెంట్ రీడైరెక్షన్ అంటారు. సిట్రిక్స్‌లో బైడైరెక్షనల్ కంటెంట్ రీడైరెక్షన్ అంటారు. నాకు బాగా పరిచయం ఉన్నది హొరైజన్ కాబట్టి ఉదాహరణలన్నీ దాని నుంచే ఇస్తాను.

నెలకోసారి మా కార్యాలయంలో జరిగే పనినే తీసుకోండి. కంపెనీగా నమోదైన సంస్థ జీఎస్‌టీ రిటర్ను దాఖలు చేయాలంటే డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. దాన్ని బాధ్యత గల అధికారి తన బల్ల మీది కంప్యూటరుకే గుచ్చుతాడు. జీఎస్‌టీ పోర్టల్ ఆ సంతకాన్ని నేరుగా అందుకోదు. ఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రాము అదే కంప్యూటరులో నడుస్తూ ఉండాలి. పోర్టల్ పేజీ 127.0.0.1 అనే చిరునామా మీద, అంటే తాను తెరుచుకున్న కంప్యూటరులోనే, దాన్ని వెతుక్కుంటుంది. ఇప్పుడు ఆ పేజీ రిమోట్ డెస్క్‌టాప్‌లోని బ్రౌజరులో తెరుచుకుందనుకోండి. అది వెతికే కంప్యూటరు సర్వరులో ఉంది. టోకెన్ ఉన్నది అధికారి చేతి పక్కన. అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, అంకెలు సరిపోతాయి, చివరి బటన్ దగ్గర మాత్రం సంతకం దొరకలేదన్న సందేశం వచ్చి పని ఆగిపోతుంది. ఉద్యోగి టోకెన్ తీసి మళ్లీ గుచ్చుతాడు, పాస్‌వర్డు తప్పేమోనని మళ్లీ కొడతాడు, టోకెన్ అమ్మినవారికి ఫోన్ చేస్తాడు. లోపం వాటిలో దేనిలోనూ లేదు. కస్టమ్స్ వారి ఐస్‌గేట్‌లో సంతకంతో చేసే పనులదీ ఇదే పరిస్థితి. రొయ్యల కంటైనరు చెన్నై రోడ్డెక్కవలసిన సమయం దగ్గరపడుతుంటే ఇలా గంట పోవడం ఎంత నష్టమో ఈ వ్యాపారంలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

టోకెన్‌నే సర్వరు దాకా తీసుకుపోయే యూఎస్‌బీ రీడైరెక్షన్ కూడా ఉంది కదా అని ఈ పని తెలిసినవారు అడగవచ్చు. ఉంది, కొన్ని చోట్ల పనిచేస్తుంది కూడా. అయినా నేను దానికి మొగ్గు చూపను. సంతకం ఎవరిదో ఆ మనిషి కళ్లెదుట ఉన్న కంప్యూటరులోనే టోకెన్ ఉండాలి, సంతకం కూడా అక్కడే జరగాలి. అలా ఉంటే అది ఎప్పుడు గుచ్చి ఉందో, ఎప్పుడు తీశారో ఆ అధికారికి తెలుస్తుంది. కాబట్టి ఈ పోర్టళ్ల లింకులు రిమోట్ డెస్క్‌టాప్‌లో ఎవరు నొక్కినా బల్ల మీది కంప్యూటరుకు మళ్లాలి. హొరైజన్ భాషలో రిమోట్ డెస్క్‌టాప్ వైపును ఏజెంట్ అని, బల్ల మీది కంప్యూటరు వైపును క్లయింట్ అని అంటారు; కాబట్టి ఇది ఏజెంట్ నుంచి క్లయింట్ వైపు మళ్లింపు.

దీనికి ఎదురు దిశలో కూడా మళ్లింపు కావాలి. ఉద్యోగి ఇంటి నుంచి పనిచేస్తూ తన సొంత ల్యాప్‌టాప్‌లో మెయిలు చూసుకుంటాడు. అందులో సంస్థ లోపలి లెక్కల పేజీకి లింకు ఉంటుంది. ఆ పేజీ సంస్థ నెట్‌వర్కులో తప్ప బయట తెరుచుకోదు, తెరుచుకోకూడదు కూడా. ఆ లింకు నొక్కగానే అతనికి కేటాయించిన రిమోట్ డెస్క్‌టాప్ తెరుచుకుని, పేజీ అందులో కనిపించాలి. ఇది క్లయింట్ నుంచి ఏజెంట్ వైపు మళ్లింపు. ఈ పద్ధతిలో బిల్లులు, రైతుల ఖాతాల వివరాలు ఆ ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్లుగా దిగవలసిన అవసరం రాదు. చెరువుల రైతులు తమ బ్యాంకు ఖాతా, ఆధార్ నకలు మనకు ఇచ్చేది నమ్మకంతోనే. ఆ నమ్మకం నిలబెట్టడానికి ఈ రెండో దిశ మొదటిదాని కంటే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక కమాండ్ల సంగతి. క్లయింట్ నుంచి ఏజెంట్ వైపు నియమాలను, ఉద్యోగులను వారి డెస్క్‌టాప్‌లకు కలిపే హొరైజన్ కనెక్షన్ సర్వరులో వీడీఎమ్‌యుటిల్ అనే సాధనంతో పెడతారు. ఇది సర్వరు ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులో టూల్స్, దాని లోపల బిన్ అనే చోట ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందుగా క్రియేట్ యూఆర్‌ఎల్ సెట్టింగ్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. దానితోపాటు సెట్టింగుకు ఒక పేరు, అది ఒక్క ప్రాంగణానికా లేక అనుసంధానమైన అన్ని ప్రాంగణాలకా అన్న పరిధి, అంటే లోకల్ లేదా గ్లోబల్, ఏ రకం లింకులకు, అంటే వెబ్ పేజీల హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎస్‌నా, మెయిలు చిరునామాల మెయిల్‌టూనా, ఏ చిరునామాల నమూనాలకు, వాటిని ఏ డెస్క్‌టాప్ లేదా ఏ అప్లికేషన్ తెరవాలి అన్నవన్నీ ఒకే వరుసలో రాయాలి. మన జిల్లాల్లోని సంస్థలకు లోకల్ పరిధి చాలు. తర్వాత కొత్త చిరునామా కూడా కమాండ్‌తోనే చేర్చవచ్చు. ఉన్న సెట్టింగులన్నీ చూడటానికి లిస్ట్, ఒకదాని లోపలి వివరాలు చదవడానికి రీడ్, మార్చడానికి అప్‌డేట్, తీసివేయడానికి డిలీట్ ఆజ్ఞలు ఉన్నాయి.

సెట్టింగు తయారైనంత మాత్రాన అది ఎవరికీ వర్తించదు. దాన్ని యాడ్ యూజర్ యూఆర్‌ఎల్ సెట్టింగ్‌తో ఒక వ్యక్తికో, యాడ్ గ్రూప్ యూఆర్‌ఎల్ సెట్టింగ్‌తో ఒక బృందానికో అప్పగించాలి. కమాండ్ విజయవంతమైందని తెర మీద చూసి, లింకు మాత్రం మళ్లడం లేదని తల పట్టుకునేవారిలో చాలామంది ఈ రెండో అడుగు వేయనివారే. వ్యక్తుల పేర్లతో కాకుండా బృందాల పేర్లతో అప్పగించడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. ఎగుమతి పత్రాలు, లెక్కలు, కొనుగోలు కేంద్రాలు అని మూడు బృందాలు ఉంటే, ఉద్యోగి ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారినప్పుడు అతని పేరును ఒక బృందంలో తీసి ఇంకో బృందంలో చేరిస్తే సరిపోతుంది. లింకుల నియమాలను తాకనవసరం లేదు. ఒక్కొక్కరి పేరు మీద పెడుతూ పోతే రెండేళ్లకు ఎవరికి ఏది ఎందుకు వర్తిస్తోందో చెప్పగలిగినవాడు సంస్థలో ఉండడు.

ఏజెంట్ నుంచి క్లయింట్ వైపు, అంటే పైన చెప్పిన జీఎస్‌టీ టోకెన్ లాంటి సందర్భంలో, నియమాలను వీడీఎమ్‌యుటిల్‌తో పెట్టరు. సంస్థ కంప్యూటర్లకు ఒకేచోట నుంచి నియమాలు పెట్టే విండోస్ గ్రూప్ పాలసీతో పెడతారు. అది బొమ్మలున్న కిటికీలో మౌసుతో చేసే పనే అని చాలామంది అనుకుంటారు. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్‌లో సెట్ జీపీ రిజిస్ట్రీ వాల్యూ అనే ఆజ్ఞతో ఇదే పనిని అక్షరాలుగా రాసి చేయవచ్చు. బ్యాకప్ జీపీఓతో మార్చక ముందటి స్థితిని దాచుకోవచ్చు. ఉద్యోగి రిమోట్ డెస్క్‌టాప్‌లో నిజంగా ఏ పాలసీ అమలవుతోందో జీపీ రిజల్ట్‌తో చూడవచ్చు. ఒకే చిరునామాకు రెండు చోట్లా రెండు రకాల నియమాలు రాసి పెట్టడం మాత్రం మానుకోవాలి. ఇంకొకటి, ఈ మళ్లింపు భాగాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకుని ఉండాలి. నేను వాడిన వెర్షన్లలో యూఆర్‌ఎల్ ఫిల్టరింగ్ ఎనేబుల్డ్ అన్న విలువను 1 అని ఇచ్చి ఇన్‌స్టాలరును కమాండ్ లైను నుంచే నడపవలసి వచ్చింది. ఏజెంటులోనూ క్లయింటులోనూ ఆ భాగం లేకపోతే పైన చెప్పిన ఆజ్ఞలు ఎన్ని ఇచ్చినా లింకు కదలదు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది చిరునామాల నమూనాలు రాసే చోట. వీటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతిలో రాస్తారు. ఆ పద్ధతిలో చుక్క పెడితే అది చుక్క కాదు, ‘ఇక్కడ ఏ ఒక్క అక్షరమైనా ఉండవచ్చు’ అని అర్థం. నిజమైన చుక్క కావాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టాలి. జీఎస్‌టీ పోర్టల్ చిరునామాను జీఎస్‌టీ, చుక్క, గవ్, చుక్క, ఇన్ అని బ్యాక్‌స్లాష్ లేకుండా రాస్తే అసలు పోర్టల్ లింకు సరిగ్గానే మళ్లుతుంది, పరీక్షించినవారు సంతృప్తి పడతారు. అయితే మొదటి చుక్క స్థానంలో హైఫన్ పెట్టి ఎవరైనా ఒక దొంగ చిరునామా నమోదు చేసుకుంటే ఆ లింకు కూడా ఇదే నియమం కిందకు వస్తుంది. చివర హద్దు పెట్టకపోవడం ఇంకో లోపం. ప్రభుత్వ చిరునామా పూర్తిగా రాసి, దాని తర్వాత ఏమున్నా ఫరవాలేదన్నట్టు చుక్క, నక్షత్రం తగిలిస్తే, ముందు భాగంలో ప్రభుత్వ చిరునామాను అతికించుకుని వెనుక తమ సొంత డొమైను పెట్టుకున్న మోసగాళ్ల లింకులు కూడా అందులో ఇమిడిపోతాయి. మోసపు మెయిళ్లలో లింకులు ఎలా ఉంటాయో గమనించినవారికి ఈ ఎత్తు కొత్తది కాదు. చిరునామా అయిపోగానే అక్కడ లింకు ముగియాలి, లేదా ఏటవాలు గీత (/) ఉండాలి అని నమూనాలో స్పష్టంగా రాయాలి.

ఈ చిన్న గుర్తుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ఒక్కసారి ఆలోచించండి. టోకెన్ గుచ్చి ఉన్న కంప్యూటరుకు మళ్లే లింకులకే మనం ఈ నియమం రాశాం. నియమం వదులుగా ఉంటే దొంగ పేజీ కూడా సరిగ్గా ఆ కంప్యూటరులోనే, సంస్థ తరఫున సంతకం చేయగల టోకెన్ పక్కనే తెరుచుకుంటుంది. అదే లింకు రిమోట్ డెస్క్‌టాప్‌లోనే ఆగిపోయి ఉంటే నష్టానికి అవకాశం చాలా తక్కువ; అక్కడ టోకెన్ లేదు, పైగా ఇన్‌స్టంట్ క్లోన్ పద్ధతిలో నడిచే డెస్క్‌టాప్ అయితే ఉద్యోగి లాగ్ ఆఫ్ కాగానే అది చెరిగిపోయి కొత్తది తయారవుతుంది. అందువల్ల మళ్లింపు జాబితాను ఎంత చిన్నగా ఉంచితే అంత మంచిది. పేరు పేరునా తెలిసిన పోర్టళ్లు మాత్రమే బయటకు మళ్లాలి, ఊరూ పేరూ తెలియనివన్నీ లోపలే ఉండిపోవాలి. పరీక్షించేటప్పుడు కూడా మళ్లవలసిన లింకులతోపాటు మళ్లకూడని లింకుల జాబితా ఒకటి పెట్టుకుని, అవి కదలలేదని చూసుకోవాలి. ఈ మళ్లింపు ఫైర్‌వాల్‌కు ప్రత్యామ్నాయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇది దారి చూపుతుందే గాని తలుపు మూయదు.

వీడీఎమ్‌యుటిల్ నడపడానికి అడ్మినిస్ట్రేటరు పేరు, డొమైను, పాస్‌వర్డు ఇవ్వాలి. పాస్‌వర్డును కమాండ్‌లోనే రాస్తే అది కమాండ్ చరిత్రలో మిగిలిపోతుంది; ఆ వరుసను ఫైలులో దాస్తే ఫైలు చూసిన ప్రతివారికీ చేరుతుంది. దీనికి పరిష్కారం తయారీదారులే ఇచ్చారు. పాస్‌వర్డు స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే, కమాండ్ నడిచేటప్పుడు అది పాస్‌వర్డు అడిగి తీసుకుంటుంది, ఎక్కడా మిగలదు. అయినా అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు బాహాటంగా కనిపించే ఫైళ్లను నేను చాలా చోట్ల చూశాను. ఇల్లు కట్టిన మేస్త్రీ తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసి పోతే ఎవరమూ ఒప్పుకోం. ఇక్కడ మాత్రం దాన్ని అడిగేవారు లేరు.

నేను వచ్చేసరికి మా సంస్థలో ఉన్న పరిస్థితి చెబుతాను. రిమోట్ డెస్క్‌టాపులు అమర్చిన కాంట్రాక్టరు పని చక్కగానే చేశాడు, బిల్లు తీసుకున్నాడు, కొంతకాలానికి ఒప్పందం ముగిసి వెళ్లిపోయాడు. లింకుల నియమాలు ఏవి, ఎందుకు పెట్టారు, ఏ కమాండ్లతో పెట్టారు అన్నదానికి ఒక్క కాగితం లేదు. సర్వరు మార్చవలసి వచ్చినప్పుడు లిస్ట్, రీడ్ ఆజ్ఞలతో ఉన్నవాటిని బయటికి తీసి, ఒక్కో చిరునామా ఎవరి కోసమో ఆయా విభాగాల్లో అడిగి తెలుసుకోవలసి వచ్చింది. వాటిలో కొన్ని ఎప్పుడో మానేసిన సరఫరాదారుల వెబ్‌సైట్లవి. కొన్ని నమూనాల్లో పైన చెప్పిన చుక్కల లోపం ఉంది. ఆ కాంట్రాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అడగనిది ఇవ్వలేదు, అంతే. అడగవలసింది సంస్థ.

కమాండ్లకు బదులు కన్సోలు తెరల ఫొటోలు తీసి పెట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. ఫొటోలోని నమూనాను మళ్లీ చేత్తో టైపు చేయాలి, అప్పుడు ఒక బ్యాక్‌స్లాష్ జారిపోవడానికి క్షణం పట్టదు. పైగా తెరలు మారుతూనే ఉంటాయి. హొరైజన్‌నే చూడండి. అది మొదట వీఎమ్‌వేర్ వారిది. 2023 నవంబరులో వీఎమ్‌వేర్‌ను బ్రాడ్‌కామ్ కొనుక్కుంది. 2024లో హొరైజన్ ఉన్న విభాగం విడిపోయి ఓమ్నిస్సా అనే వేరే కంపెనీ అయింది. యజమాని మారిన ప్రతిసారీ పేర్లు, గుర్తులు, మెనూలు మారతాయి. కమాండ్లలోనూ అక్కడక్కడ దారులు, పేర్లు మారవచ్చు. అప్పుడు ఫైలులో ఆ ముక్కను మార్చి మళ్లీ నడుపుకోవచ్చు. ఏ తేదీన ఎవరి అనుమతితో ఏ చిరునామా చేర్చారో, ఎందుకు తీసేశారో ప్రతి ఆజ్ఞ పైనా ఒక వ్యాఖ్యగా తెలుగులోనే రాసుకోవచ్చు. ఈ ఆజ్ఞల వరుసను చదివి యజమాని ఏమి చేస్తాడని కొందరు అడిగారు. నా అనుభవంలో ఆ వ్యాఖ్యలు చదివిన మా లెక్కల విభాగం పెద్ద, ఫలానా బ్యాంకు ఇప్పుడు మనం వాడటం లేదు కదా, ఇంకా జాబితాలో ఎందుకుందని తానే అడిగారు. మౌసుతో నొక్కి వదిలిన సెట్టింగు గురించి అలాంటి ప్రశ్న ఆయనకు వచ్చే వీలే లేదు.

చట్టం వైపు నుంచి చూసినా ఈ రాత అవసరమే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి వంటి ఘటన గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, కంప్యూటర్ వ్యవస్థల్లో జరిగినవి నమోదయ్యే లాగ్ రికార్డులను 180 రోజులు ఉంచాలి. ఒక దొంగ లింకు నుంచి నష్టం జరిగితే విచారణలో వచ్చే తొలి ప్రశ్నల్లో ఒకటి ఆ లింకు ఏ కంప్యూటరులో తెరుచుకుందనేదే. నియమాలు రాతలో ఉన్న సంస్థ నిమిషాల్లో జవాబు చెబుతుంది. లేని సంస్థ 6 గంటలూ కాంట్రాక్టరు ఫోన్ నంబరు వెతకడానికే ఖర్చు చేస్తుంది.

చిన్న సంస్థలకు ఇదంతా భారం అన్న మాట నిజమే. రెండు కంప్యూటర్లు, ఒక ట్యాలీ ఉన్న దుకాణానికి హొరైజన్ అవసరం లేదు, నేను కూడా కొనమని చెప్పను. అలాంటివారు తమకు రిమోట్ డెస్క్‌టాప్ అద్దెకు ఇచ్చినవారిని రెండే ప్రశ్నలు అడగాలి: మా మెయిలులో నొక్కిన లింకు మీ సర్వరులో తెరుచుకుంటుందా, మా కంప్యూటరులోనా, బ్యాంకు, జీఎస్‌టీ లింకులకు వేరే నియమం ఉందా, ఉంటే దాని నకలు ఇస్తారా? జవాబు నోటిమాటగా వస్తే మెయిలులో పంపమని అడగాలి.

మన దగ్గర ఈ పని నేర్చుకోదగిన పిల్లలు లేక కాదు. రెండు జిల్లాల పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కళాశాలల్లో కంప్యూటర్ కోర్సులు చదివి వచ్చినవారిని నేను ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేస్తుంటాను. ప్రోగ్రాములు రాయగలరు, సర్వరులో ఒక సెట్టింగును కమాండ్‌తో మార్చి, మార్చినదాన్ని చదివి చూసుకుని, అవసరమైతే వెనక్కు తీసుకోవడం మాత్రం చాలామందికి ఎవరూ చూపించలేదు. నమూనాలో చుక్కకూ బ్యాక్‌స్లాష్‌కూ ఉన్న తేడా ఒక ల్యాబు పీరియడులో చెప్పగలిగినది. పవర్‌షెల్ విండోస్‌తోపాటే వస్తుంది, విడిగా కొనవలసిన పని లేదు. అధ్యాపకులు ఈ దిశగా ఆలోచిస్తే నెల్లూరులో, ఒంగోలులో దొరికే ఉద్యోగాలకు బెంగళూరు దాకా మనుషులను వెతకవలసిన అవసరం రాదు.

సంస్థల యజమానులకు, సహకార సంఘాల కార్యదర్శులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. రిమోట్ డెస్క్‌టాపులకు కొత్తగా ఒప్పందం రాసుకునేటప్పుడు గానీ, పాతదాన్ని పునరుద్ధరించేటప్పుడు గానీ ఈ షరతు చేర్చండి: లింకుల మళ్లింపు నియమాలన్నింటినీ కమాండ్ల ఫైలుగా, పాస్‌వర్డులు లేకుండా, ప్రతి నియమానికీ కారణం రాసి సంస్థకు అప్పగించాలి, సంస్థ మనిషి ఎదుట పరీక్ష సర్వరులో ఆ ఫైలును మొదటి నుంచి నడిపి, మళ్లవలసినవి మళ్లుతున్నాయని, మళ్లకూడనివి ఆగుతున్నాయని చూపించాలి, ఆ తర్వాతే చివరి విడత చెల్లింపు జరగాలి. ఒప్పందం ఇప్పటికే నడుస్తూ ఉన్నవారు కాంట్రాక్టరు ఇంకా పనిలో ఉండగానే లిస్ట్, రీడ్ ఆజ్ఞల ఫలితాన్ని, గ్రూప్ పాలసీ బ్యాకప్‌ను ఈ నెలలోనే తీయించి తమ దగ్గర పెట్టుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
రొయ్యల ఎగుమతి సంస్థ కంప్యూటర్ విభాగం ఉద్యోగి,
నెల్లూరు